మెగావాట్లు వేరు, యూనిట్లు వేరు

యాంకర్: లైన్లో ఉన్నారు, అడగండి.

శ్రోత: నమస్కారమండీ. కాలేజీ ప్రాజెక్టుకి ఒక ఊహా దేశం విద్యుత్ ప్రణాళిక రాస్తున్నాం. పీక్ డిమాండ్, అంటే ఒకేసారి పడే గరిష్ఠ వాడకం, 10,000 మెగావాట్లు. సోలార్ కూడా 10,000 పెట్టేశాం. ఇక బొగ్గు ప్లాంట్లు ఆపేయొచ్చు కదా సార్?

నిపుణుడు: కాస్త ఆగండి. సోలార్ వినియోగ శాతం, అంటే పూర్తి సామర్థ్యంలో ఏడాది సగటున వచ్చేది, ఎంత వేశారు?

శ్రోత: ఇరవై. లోడ్ ఫ్యాక్టర్, అంటే పీక్‌లో సగటు డిమాండ్, 65 శాతం.

నిపుణుడు: సరే. మెగావాట్లంటే ఒక క్షణాన ఎంత ఇవ్వగలదో, యూనిట్లంటే మొత్తం ఎంత వచ్చిందో. ఒక మెగావాట్ గంటసేపు నడిస్తే ఒక మెగావాట్ అవర్, అంటే వెయ్యి యూనిట్లు. 10,000ని ఏడాదిలోని 8,760 గంటలతోనూ 0.2తోనూ గుణిస్తే 1,752 కోట్ల యూనిట్లు. అలాగే 0.65తో గుణిస్తే దేశానికి కావలసినవి 5,694 కోట్లు. మూడో వంతు కూడా రాలేదు చూడండి. పైగా రాత్రి ఏడింటికి మీ సోలార్ సున్నా.

శ్రోత: బ్యాటరీలు పెడతామండీ, 3,000 మెగావాట్లు.

నిపుణుడు: ఎన్ని గంటలకి? అది రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు. నాలుగు గంటలంటే 12,000 మెగావాట్ అవర్లు. పెట్టిందాంట్లో తిరిగొచ్చేది 85 శాతమనుకుంటే, సుమారు 14,100 ఎక్కించాలి. మధ్యాహ్నం డిమాండ్ తీరాక అంత మిగులుతుందా? వరసగా మూడు రోజులు మబ్బు పడితే? నాలుగు గంటల బ్యాటరీ అక్కడ ఆదుకోదు. జలవిద్యుత్తో, థర్మలో కొంత రిజర్వు ఉంచాల్సిందే. ప్లాంట్లు ఉండటం వేరు, అవి రోజంతా నడవటం వేరు.

శ్రోత: మరి లెక్క ఎక్కడ మొదలెట్టాలి?

నిపుణుడు: గంటగంటకీ డిమాండ్‌లోంచి సోలార్, విండ్ తీసేయండి. మిగిలేది నెట్ లోడ్. మొత్తం 8,760 వరుసలు. ఎక్సెల్ తట్టుకుంటుంది లెండి. అందులో అన్నిటికంటే కష్టమైన గంట ఏదో చూసి, దానికి సరిపడా ప్లాంట్లు వేసుకోండి. లైన్లు మరిచిపోకండి. సోలార్ పార్కు తొందరగా లేస్తుంది, హైవోల్టేజ్ లైనుకి దారి హక్కుల దగ్గరే, అంటే భూముల మీదుగా లైను వేసుకునే అనుమతుల దగ్గరే, ఏళ్లు గడుస్తాయి. లైను ముందు మొదలవ్వాలి.

యాంకర్: ఇంకో కాలర్.

శ్రోత: ఉద్గార తీవ్రత 30 శాతం తగ్గిస్తామంటే కాలుష్యం 30 శాతం తగ్గినట్టేనా అండీ?

నిపుణుడు: కాదమ్మా. ఉద్గార తీవ్రతంటే జీడీపీలో ఒక్కో రూపాయికో డాలరుకో పడే ఉద్గారం. జీడీపీ ఏటా 6 శాతం పెరిగితే పదేళ్లకి 1.79 రెట్లు. దాన్ని 0.7తో గుణించండి, 1.25. మొత్తం ఉద్గారాలు 25 శాతం పెరిగాయి, మాట మాత్రం నిలబడింది! 2015 పారిస్ ఒప్పందం ప్రకారం దేశాలు అయిదేళ్లకోసారి కొత్త లక్ష్యం ఇవ్వాలి. అది ఏ రూపంలో ఉన్నా, ఏ ఏడాదితో పోలుస్తున్నారో చూసి, పక్కన టన్నుల్లో ఒక కాలమ్ మీరే వేసుకోండి.