ప్రశ్న ఎవరి చేతిలో ఉండాలి?

అందరికీ నమస్కారం.

అవధానంలో సమస్య ఇచ్చేది పృచ్ఛకుడు. అవధాని ఆ పాదం వినేది సభలోనే. ఇంటి దగ్గర పద్యం కట్టుకొచ్చే వీలు లేదు. అల్గారిథమ్‌ల పోటీలంటే నాకు ఆ సభే గుర్తొస్తుంది.

మన పరిశోధన పత్రాల్లో పద్ధతి మనదే, డేటా మనం ఏరుకున్నదే, పోలికకు తెచ్చిన పాత పద్ధతిని సరిగా ట్యూన్ చేయకుండా నడిపిందీ మనమే. ఆ పట్టికలో మనం గెలిస్తే ఏం తేలినట్టు?

1994 నుంచి రెండేళ్ళకోసారి జరిగే కాస్ప్ పోటీ చూడండి. అమైనో ఆమ్లాల వరుస ఇస్తారు, ఆ ప్రోటీన్ ఏ ఆకారంలో ముడుచుకుంటుందో చెప్పాలి. ప్రయోగశాలలో తేల్చిన అసలు ఆకారం అప్పటికి బయటికి రాదు. దిద్దేవాళ్ళకు ఏ జవాబు ఏ బృందానిదో తెలియదు. ఇంత కట్టుదిట్టంగా నడిపారు కాబట్టే, 2020లో డీప్‌మైండ్ సంస్థ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ 2 మధ్యస్థ స్కోరు 100కి 92.4 అంటే జీవశాస్త్రవేత్తలు నమ్మారు. నాకైతే గెలిచినవాళ్ళ మీద ఎంత గౌరవమో, పాతికేళ్ళు ఆ ప్రశ్నలను కాపాడినవాళ్ళ మీదా అంతే గౌరవం.

ఫోటోలో ఏముందో ప్రోగ్రాంలు గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీ సంగతీ అంతే. 2012లో అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ తప్పులు 15.3 శాతం, రెండో స్థానానివి 26.2. న్యూరల్ నెట్‌వర్కులను పట్టించుకోనివాళ్ళు ఆ తేడా చూసి దారి మార్చుకున్నారు. అదే పోటీలో, టెస్ట్ సర్వర్‌కి వారానికి రెండుసార్లే ఫలితాలు పంపాలన్న నియమాన్ని 2015లో ఒక బృందం పలు ఖాతాలతో దాటింది. ఏడాది నిషేధం పడింది. అది పెద్ద శిక్ష కాదు. పంపిన ప్రతిసారీ వచ్చే స్కోరు దాచిన జవాబుల గుట్టు కొంచెం విప్పుతుంది. వందసార్లు పంపితే ప్రోగ్రాం నేర్చేది బొమ్మలను కాదు, ఆ పరీక్షను.

ఇక్కడున్న విద్యార్థులకు నా విన్నపం: ఫోటో చూసి ఏ చేపో ప్రోగ్రాంలు చెప్పేలా, విశాఖ నుంచి ఒక ప్రశ్నపత్రం తయారు చేయండి. ఫిషింగ్ హార్బర్‌లో వేలానికొచ్చే వంజరం, చందువ, కానాగంతల ఫోటోలు తీయండి. ఏది ఏ చేపో అక్కడ అమ్మే అమ్మలనే అడగండి, వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. ఫోటోలన్నీ కలిపేసి, సగం ప్రోగ్రాంకి నేర్పడానికిచ్చి, సగం పరీక్షకి దాస్తే చాలదు. ఒకే గంపలోని చేపలు రెండువైపులా పడితే ప్రోగ్రాం గంపను గుర్తుపట్టి గెలుస్తుంది. ఏ పడవ చేపలు ఆ పడవకే, ఏ రోజువి ఆ రోజుకే విడిగా ఉంచండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం కదా. బృందాలన్నీ ఆ రెండు నెలల్లోనే ప్రోగ్రాంలు అప్పగించెయ్యాలి. నిషేధం ముగిశాక పడవలు తెచ్చే చేపలతోనే పరీక్ష. ప్రోగ్రాంలు మన చేతికి వచ్చేనాటికి ఆ చేపలు ఇంకా సముద్రంలోనే ఉంటాయి.