కడసారి చూపు కోసం

శ్రోతలకు నమస్కారం. అంటువ్యాధి ప్రబలినప్పుడు మనుషులందరూ భయపడతారు. కాని అందరూ ఒకే విషయానికి భయపడరు. తాము చనిపోతామేమోనన్న భయం ఒకటి, పోయినవారికి జరగవలసిన కార్యం జరగదేమోనన్న భయం మరొకటి. ఈ రెండో భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదని నా నమ్మకం. అందుకే ఈ పూట లైబీరియా అనుభవాన్ని కొంత వివరంగా చెబుతాను.

2014లో ఎబోలా అనే వైరస్ వ్యాధి పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలను చుట్టుముట్టి, 2016 నాటికి 11,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎబోలాతో మరణించినవారి దేహాన్ని తాకితే వ్యాధి సోకుతుంది. అక్కడి ఆచారమేమో, అయినవారే స్వయంగా స్నానం చేయించి ఖననం చేయడం. ఖననం సవ్యంగా జరగకపోతే పోయినవారికి శాంతి ఉండదని చాలామంది విశ్వాసం. ఆ ఆగస్టులో, రాజధాని మన్రోవియాలోని మృతదేహాలను దహనం చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. వైరస్ దృష్ట్యా అందులో తప్పు లేదు. కాని దహనం తమ ఆచారంలోనే లేని ఆ ప్రజలకు ఆ ఆదేశం వ్యాధిని మించిన భయమైంది. కొందరు రోగులను ఇళ్లలోనే దాచారు, రహస్యంగా పాతిపెట్టారు. వ్యాధి వ్యాపించడానికి అదే దారి అయింది.

ఆ ఏడాది చివర దహనాలు ఆపి, డిస్కో హిల్ అనే చోట ఖననానికి స్థలం ఏర్పాటు చేశారు. నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పద్ధతిని ప్రకటించింది. దాని ప్రకారం ఖననానికి వచ్చే సిబ్బంది మొదట రక్షణ దుస్తులు వేసుకోకుండానే ఇంటివారిని పలకరించి, సానుభూతి తెలిపి, వారి కోరికలేమిటో అడగాలి. అడగాలి అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మృతులు ముస్లింలైతే నీటి స్నానానికి బదులు శుభ్రమైన మట్టినో ఇసుకనో తాకి చేసే పొడి శుద్ధి చేయవచ్చు, తెల్లని వస్త్రం కప్పవచ్చు, ప్రార్థనకు సమయమివ్వాలి.

శ్రీలంకలో 2020లో కోవిడ్ మృతులందరినీ దహనం చేయాలన్న నిబంధన ముస్లిం కుటుంబాలను కుంగదీసింది. ఖననానికి 2021 ఫిబ్రవరిలో గాని అనుమతి రాలేదు. మన తెలుగు నేలపై ఎన్నో హిందూ కుటుంబాల దుఃఖం ఇందుకు భిన్నమైనది: కన్నకొడుకు తలకొరివి పెట్టలేకపోయాడు, కడసారి చూపైనా దక్కలేదు.

నిజానికి 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కడసారి చూపును నిషేధించలేదు. సిబ్బంది జాగ్రత్తలు పాటిస్తూ దేహాన్ని ఉంచిన సంచి జిప్పును ముఖం వైపు తీసి చూపించవచ్చు. దేహాన్ని తాకకుండా మంత్రాలు చదవవచ్చు, పవిత్ర జలం చల్లవచ్చు, దహనం తరువాత అస్థికలు సేకరించుకోవచ్చు. ఇంత వెసులుబాటు ఉందని ఎన్నో కుటుంబాలకు ఎవరూ చెప్పలేదు. మళ్లీ అటువంటి కాలం వస్తే ప్రతి ఆసుపత్రిలో శవాగారం దగ్గర ఈ నాలుగు విషయాలనూ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. చదవలేనివారికి చదివి వినిపించే మనిషిని అక్కడే ఉంచాలి.