గుమ్మం దగ్గర కిరాణా కొట్టు

అందరికీ నమస్కారమండీ. పిల్లలూ డబ్బులూ అనగానే హుండీ కొనిపెట్టండి, పొదుపు నేర్పండి అంటారని అనుకుంటున్నారేమో, నేను చెప్పేది కొట్టు ఆట గురించి.

మా మనవరాలికి ఐదేళ్లు. మొన్న సెలవులకి వచ్చి గుమ్మానికి అడ్డంగా పీట వేసి కొట్టు పెట్టింది, సరుకేంటంటే నాలుగు ఉల్లిపాయలు, ఒక సబ్బు, తాతయ్య కళ్లజోడు డబ్బా, ఖాళీ కాఫీ సీసా. ఉల్లిపాయలు ఎలా ఇస్తున్నావమ్మా అని వెళ్లా. చెప్పండి ఎంత కావాలండీ అంది, మామూలుగా ఏయ్ అమ్మమ్మా అని పిలిచే పిల్ల! పర్సు తీస్తే అది వద్దు స్కాన్ చెయ్యండి అని గోడకి అంటించిన కాగితం చూపించింది, దాని మీద పెన్సిల్‌తో నల్లటి గడులు. నేను ఉత్త చెయ్యే ఫోన్‌లా పెట్టగానే తనే గొంతు మార్చి "పది రూపాయలు వచ్చాయి" అంది, అచ్చం కొట్లో ఆ పెట్టె అరిచినట్టే.

నవ్వాను గానీ తర్వాత ఆలోచన పట్టుకుంది. యూపీఐ వచ్చింది 2016లో, ఈ పిల్ల పుట్టిందే ఆ తర్వాత. మేం చిన్నప్పుడు రూపాయి బిళ్ల గుప్పిట్లో బిగించుకుని చెమట పట్టేదాకా పట్టుకుని కొట్టుకి వెళ్లేవాళ్లం, కొట్టాయన చేతిలో పెట్టగానే మన గుప్పిట ఖాళీ, డబ్బు పోయిందని చెయ్యికే తెలిసేది. ఈ పిల్లకి డబ్బు పోవడం కనపడదు, శబ్దం మాత్రం వినపడుతుంది, ఆ శబ్దం ఎన్నిసార్లైనా వస్తూనే ఉంటుంది కదా.

అందుకని ఒక పని చేశాను. స్కాన్ తీసెయ్యలేదు, తీసేస్తే ఆట నకిలీది అయిపోతుంది, పిల్లలు ఒప్పుకోరు. ఒక డబ్బాలో ఇరవై చింతపిక్కలు పోసి ఇదే నా ఫోన్‌లో ఉన్న డబ్బు అన్నా, స్కాన్ చేసిన ప్రతిసారీ ఎన్ని రూపాయలైతే అన్ని పిక్కలు తీసి తన డబ్బాలో వేస్తున్నా. సబ్బుకి పది, సీసాకి ఎనిమిది అయ్యాయి, ఉల్లిపాయలు కొనబోతే డబ్బాలో రెండే ఉన్నాయి. పిల్ల డబ్బాలోకి తొంగి చూసి, మరి జీతం ఎప్పుడొస్తుందండీ అంది! ఎవరింట్లో విన్న మాటో చెప్పక్కర్లేదు.

అసలు చిక్కంతా చిల్లర దగ్గరుంటుంది, ఇది చాలామంది పెద్దవాళ్లు గమనించరు. చిన్నపిల్లలు డబ్బుని విలువతో కాదు, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూస్తారు. పది రూపాయల నోటు ఒకటి, రూపాయి బిళ్లలు ఐదు పెట్టి ఏది కావాలి అంటే ఐదు బిళ్లలే తీసుకుంటారు. వాళ్ల లెక్కన మనం ఒక నోటు ఇచ్చాం, కొట్టాయన సరుకూ ఇచ్చాడు, పైగా మూడు నోట్లూ ఇచ్చాడు, అంటే కొట్టాయనంత మంచోడు లేడు! అప్పుడు కూర్చోబెట్టి తీసివేతలు చెప్తే తలకెక్కదు. కొట్టువాళ్లు చేసేదే చెయ్యండి, పదమూడు రూపాయల సరుక్కి ఇరవై ఇస్తే వాళ్లు తీసివేత చెయ్యరు, పదమూడు దగ్గర మొదలెట్టి పద్నాలుగు, పదిహేను అని రెండు రూపాయి బిళ్లలు పెట్టి, దాని మీద ఒక ఐదు పెట్టి ఇరవై అంటారు. ఇది పిల్లలకి ఇట్టే వచ్చేస్తుంది, ఎందుకంటే ముందుకి లెక్కపెట్టడం వాళ్లకి ముందే వచ్చు.

నిజం బిళ్లలే ఇవ్వండి, కానీ మూడేళ్లలోపు పిల్లలు అన్నీ నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వాళ్లకి బిళ్లలూ వద్దు చింతపిక్కలూ వద్దు, పెద్ద పెద్ద అట్టముక్కలు చాలు. రూపాయీ రెండు రూపాయలూ రెండూ తెల్లగానే ఉండి పిల్లల్నేంటి నన్నే తికమక పెడతాయి, ఇరవై బిళ్లైతే పన్నెండు పలకలుంటాయి కాబట్టి కళ్లు మూసుకుని తడిమినా దొరుకుతుంది, అదో ఆట. నోటు వెనక భాషల వరసలో తెలుగు ఎక్కడుందో వెతకమంటే ఇంకో అరగంట గడుస్తుంది, మీకు మాత్రం చెప్తా, కింద నుంచి రెండోది.

ధరలు మాత్రం దిద్దకండి. మా పిల్ల బెండకాయ ఐదొందలు, ఏనుగు బొమ్మ రూపాయి అంటుంది. తప్పు అనకుండా, అయ్యో నా దగ్గర యాభయ్యే ఉన్నాయే అంటే తనే ఆలోచించి, పోనీ యాభైకి సగం బెండకాయ ఇస్తానంది. బేరం అంటే అదే కదండీ. కొసరు అడగడం మాత్రం నేనే నేర్పాను, మా అమ్మాయికి నచ్చలేదు, అయినా నేర్పాను.

వేలు పోసి ప్లాస్టిక్ షాప్ సెట్టు కొంటున్నారు కొందరు, మిషనూ బుట్టా ప్లాస్టిక్ టమాటాలూ. డబ్బు విలువ నేర్పడానికి అంత డబ్బా? పావలా కోడికి ముప్పావలా మసాలా. పావలా అంటే ఏంటి అమ్మమ్మా అంది పిల్ల. పావలా బిళ్ల 2011 జూన్ 30తో చెల్లడం మానేసింది, మా నోట్లో మాత్రం ఇంకా చెల్లుతోంది అని చెప్పా.

ఆఖరి రోజు పిక్కలన్నీ అయిపోయి ఈసారి అరువియ్యమ్మా అన్నా. లోపలికెళ్లి ఒక అట్ట తెచ్చి పీటకి ఆనించింది, వంకర అక్షరాలతో "అరువు రేపు". సరే అని మర్నాడు పొద్దున్నే వెళ్లి నిలబడ్డా, రేపొచ్చింది కదా ఇప్పుడియ్యి అన్నా. అట్ట వంకే వేలు చూపించింది. ఊరెళ్లేటప్పుడు దాన్ని నాకే వదిలేసి వెళ్లింది, ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

నమస్కారం.