లాల్‌బాగ్‌కి ఫ్లవర్ షో లేని రోజు వెళ్లండి

నమస్తే అండి. ఈసారి దూరం ఎక్కడికీ పోలేదు, బెంగళూరులోనే లాల్‌బాగ్ తోటకి వెళ్లొచ్చాను, అదీ ఒక మామూలు మంగళవారం పొద్దున. "లాల్‌బాగేనా, ఎప్పుడో చూసేశాం" అని వీడియో మార్చేయకండి. మీలో చాలామంది చూసింది ఫ్లవర్ షో. లాల్‌బాగ్ కాదు.

నేనూ ఏళ్ల తరబడి అదే చూశాను. ఏటా జనవరి 26కి ఒకటి, ఆగస్టు 15కి ఒకటి, రెండు షోలు పెడతారు కదా, ఒక ఆగస్టులో కదిరి నుంచి అమ్మ వస్తే తీసుకెళ్లాను. లోపల పూలతో ఏదో పెద్ద కట్టడం కట్టారట. "అట" అంటున్నానంటే అర్థం చేసుకోండి, మాకు కనిపించింది ముందువాళ్ల వీపులు, గాల్లో లేపిన ఫోన్లు. గంటసేపు క్యూ, పది నిమిషాల తోపులాట, బయటపడ్డాక అమ్మ ఒకటే మాట అంది, "తిరుమలలో అయితే చివరికి దేవుడన్నా కనిపిస్తాడు కదరా నాయనా." నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఈసారి అమ్మను మళ్లీ తీసుకెళ్లాను, ఏ షో లేని రోజు చూసి. గ్రీన్ లైన్ మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే వెస్ట్ గేటు దగ్గరే. నేరుగా ఆ పూల షో పెట్టే అద్దాల ఇల్లు, అదే గ్లాస్ హౌస్ దగ్గరికి పోయాం. ఖాళీ. దానికి తాళం వేసి ఉన్నా దిగులు పడొద్దు, ఈ వైపు నిలబడితే ఆ వైపు చెట్లు కనిపిస్తాయి. షో రోజుల్లో పూల వెనక దాక్కునే ఇనుప కమానులు, వాటి మధ్య అద్దాలు, అద్దాల మీద పొద్దుటి ఎండ, అసలు చూడాల్సింది ఇదే కదా అనిపించింది. అమ్మ కాసేపు తలెత్తి చూసి, "ఇంత ఇల్లు కట్టి లోపల ఏం పెట్టుకోలేదేందిరా?" అంది.

మంచి ప్రశ్న అండి. దీనికి 1889 నవంబర్ 30న పునాదిరాయి వేశారు, వేసింది విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్. లండన్‌లో 1851లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌ని చూసి ఇది కట్టారు. ఆ క్రిస్టల్ ప్యాలెస్ రూపం గీసిన జోసెఫ్ పాక్స్‌టన్ అసలు తోటమాలి. అమెజాన్ నదిలో పెరిగే పెద్ద కలువ ఉంటుంది చూడండి, పళ్లెంలా అంచు లేచిన ఆకు, దాన్ని ఇంగ్లండులో పెంచుతూ, తన చిన్న కూతుర్ని ఆ ఆకు మీద నిలబెట్టాడాయన. ఆకు మునగలేదు. ఎందుకు మునగలేదా అని తిప్పి చూస్తే అడుగున ఈనెలు, మధ్య నుంచి అంచుకి, మళ్లీ వాటికి అడ్డంగా, దూలాలు పేర్చినట్టు ఉన్నాయి. ఆ ఈనెల పద్ధతినే ఇనుములో వాడుకున్నాడు. అంటే మనం లాల్‌బాగ్‌లో తలెత్తి చూసే ఆ కమానుల వెనక ఒక కలువాకు ఉంది. ఇంకో విచిత్రం, లండన్‌లోని ఆ క్రిస్టల్ ప్యాలెస్ 1936లో కాలి బూడిదైంది, ఏ రోజున అనుకున్నారు? నవంబర్ 30నే. చూసి కట్టింది ఇక్కడ నిలబడే ఉంది.

ఇక అమ్మ ప్రశ్నకి వస్తే, చలి దేశాల్లో అద్దాల ఇల్లు కట్టేది మొక్కలకి వెచ్చదనం కోసం. ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి మాత్రం బయటికి పోలేదు. అక్కడ చలికాలంలో అదీ చాలదు. లండన్ దగ్గర క్యూ గార్డెన్స్ అనే తోటలో 1840ల్లో కట్టిన పామ్ హౌస్ అనే అద్దాల ఇల్లు ఉంది, దాన్ని వెచ్చగా ఉంచడానికి నేల కింద బాయిలర్లు పెట్టి బొగ్గు కాల్చేవాళ్లు. దేనికోసం? తాటి, కొబ్బరి జాతుల కోసం! మన ఊళ్లో చెరువు గట్టున ఎవరూ పట్టించుకోకపోయినా పెరిగే చెట్లకి అక్కడ రాజభోగం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, చలీ తక్కువే, ఎండా మరీ మన అనంతపురం ఎండ కాదు. కాబట్టి ఇక్కడ బాయిలర్లతో పని లేదు, గ్లాస్ హౌస్ ఎక్కువగా పూల ప్రదర్శనలకే పనికొచ్చింది. ఇదంతా చెప్తే అమ్మ, "అయితే ఇది మొక్కలకి కట్టిన కల్యాణమండపం" అంది. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

తోట చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను, గూగుల్‌లో దొరికేదే. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, టిప్పు సుల్తాన్ బయటి దేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు, 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. ఇప్పుడు 240 ఎకరాలు. లోపల 300 కోట్ల ఏళ్ల నాటి బండ ఒకటి ఉంది, దాని మీద కెంపేగౌడ గోపురం, అందరూ ఎక్కి ఫోటో దిగుతారు. మేము ఎక్కలేదు, అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఎక్కకపోవడమే మంచిదైంది, ఆ టైమంతా చెట్ల దగ్గర గడిపాం. తెల్లబూరుగు చెట్టు ఒకటి ఉంది, 200 ఏళ్లు ఉంటుందంటారు. మన దిండ్లలో కూరే దూది ఇచ్చే చెట్టే. కానీ ఊళ్లో చూసిన బూరుగుని మనసులో పెట్టుకుని పోకండి, దీని వేళ్లు నేల మీద గోడల్లా లేచి ఉంటాయి, మనిషి వాటి మధ్య నిలబడితే బయటికి కనిపించడు. అమ్మ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. నాగలింగం చెట్టు దగ్గర కూడా అంతే, కొమ్మకి కాకుండా మానుకే పూలు పూస్తాయి, పువ్వు లోపల లింగం మీద పడగ పట్టినట్టు ఉంటుంది, శివాలయాల్లో చూసే ఉంటారు. అది దక్షిణ అమెరికా చెట్టని చెప్తే అమ్మ నన్ను అనుమానంగా చూసింది. "వాళ్లకేం తెలుసురా శివుడు?"

నాకు ఈ తోటలో నచ్చింది అదేనండి. పార్కంటే బెంచీలు, పిల్లల ఉయ్యాలలు. బొటానికల్ గార్డెన్ అసలు పని వేరు, ఎక్కడిదో మొక్క తెచ్చి, మన నేలలో బతుకుతుందా లేదా చూసి, బతికితే ఊరికి ఇవ్వడం. 1908లో ఈ తోట బాధ్యత తీసుకున్న క్రుంబీగల్ అనే జర్మన్ ఈ లెక్కని ఊరంతటికీ పాకించాడు. రోడ్ల పక్కన చెట్లు ఎలా వేయించాడంటే, ఒక రకం పూత అయిపోయేసరికి ఇంకో రకం పూస్తుంది, ఏడాది పొడుగునా ఏదో ఒక వీధిలో రంగు ఉంటుంది. మార్చిలో ఆఫీసుకి పోతూ గులాబీ రంగు చెట్టు కింద సెల్ఫీ దిగుతాం చూడండి, దాని వెనక ఆయన ఆలోచన ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ జర్మన్ అన్న కారణానికి ఆయన్ని నిర్బంధంలో పెట్టారు. అయినా ఈ ఊరు వదల్లేదు, 1956లో ఇక్కడే పోయాడు. లాల్‌బాగ్ పక్క రోడ్డుకి ఆయన పేరే ఉంది, మనం ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ దాటిపోతాం.

ఆయనకంటే ముందు జాన్ కామెరాన్ అని ఇంకొకాయన ముప్పై ఏళ్లకు పైగా ఈ తోట చూశాడు. గ్లాస్ హౌస్ ఆయన కాలందే. కానీ మన వంటింటికి ఆయన చేసిన ఉపకారం ఇంకోటి ఉంది, బెంగళూరు వంకాయ! మెక్సికో వైపు తీగ, దాన్ని లాల్‌బాగ్‌కి తెచ్చి ఇక్కడ అలవాటు చేసింది ఆయనే. అది వంకాయ జాతే కాదు, గుమ్మడి, దోస వాళ్ల బంధువు. పేరు చూడండి ఎంత తమాషానో, బెంగళూరు వాళ్లు దాన్ని కన్నడలో సీమె బదనెకాయి అంటారు, అంటే విదేశీ వంకాయ. మనకి బెంగళూరు నుంచి వచ్చింది కాబట్టి మనం బెంగళూరు వంకాయ అన్నాం. ఎవరికి ఎటు నుంచి వస్తే ఆ ఊరి పేరు పెట్టేశారు.

ఇది చెప్పగానే అమ్మకి బండరాయి, గాజు మేడ అన్నీ పోయి ఇది పట్టుకుంది. ఇన్నేళ్లుగా పెసరపప్పు వేసి వండుతోంది కదా. విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడిగింది. విత్తనం విడిగా తీయరు, ఒక్కటే ఉంటుంది, కాయలోపలే మొలకెత్తుతుంది, కాయని మొత్తంగా అలాగే పాతాలి అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు మార్కెట్లో అరకిలో కొంది, అందులో ముదురుది ఒకటి ఏరి పక్కన పెట్టింది, మిగతావి రాత్రికి కూర.

ఆ కాయ రెండు వారాలు మా వంటింటి కిటికీలో ఉంది. మొన్న చివర్న పచ్చగా నాలుక బయటపెట్టింది. అమ్మ దాన్ని టవల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కదిరి బస్సెక్కింది. కదిరి ఎండకి బతకదమ్మా అంటే, "నీడన పెడతాలే, ముందు బతకనీ" అంది. తీగ పాకితే షార్ట్ పెడతాను. ఎండిపోయినా పెడతాను.