తాండ్రని నానబెడితే మామిడిపండు అవుతుందా?

[మొదటి షాట్: బల్ల మీద ఒక మామిడిపండు, పక్కన తాండ్ర ముక్క, మధ్యలో మెమరీ కార్డు]

నమస్కారం. పోయిన నెల బొబ్బిలి వెళ్ళినప్పుడు మావయ్య తన చిన్న మ్యూజిక్ ప్లేయర్ నా చేతిలో పెట్టారు. "ఏటిరా ఇది, ఫ్లాక్ అన్నాడు, హెచ్‌డీ అన్నాడు, వీణ వింటే రేకు డబ్బా మీద వాయించినట్టుంది. తేడా నా చెవుల్లో ఉందా, పాటలో ఉందా?" అన్నారు.

చిప్ తీసి చూశాను. ఫోల్డర్ పేరు 'ఫ్లాక్ హెచ్‌డీ'. ఫ్లాక్ అంటే ధ్వనిలో ఏదీ పోకుండా దాచే ఫైల్ రకం. ఒక్కో పాట 20 ఎంబీ పైనే. సైజు చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. ఒక షాపులో డబ్బులిచ్చి ఎక్కించుకున్నారట. అవన్నీ 128 ఎంపీత్రీలు, అంటే సెకను పాటకి 128 కిలోబిట్లే ఉండేలా బాగా కుదించిన ఫైళ్ళు. కన్వర్టర్‌లో వేసి ఫ్లాక్ చేసి ఇచ్చారు, అంతే. ఎక్కించినవాళ్ళు కావాలని మోసం చేశారని నేను అనుకోవట్లేదు. ఫ్లాక్‌లోకి మారిస్తే క్వాలిటీ పెరుగుతుందని వాళ్ళూ నిజంగానే నమ్ముతున్నారు. నా బాధంతా ఆ నమ్మకంతోనే. ఈ వీడియో దాని కోసమే.

[తాండ్ర ముక్క దగ్గరగా]

మన విజయనగరం జిల్లా భీమాళి తాండ్ర తినే ఉంటారు. రసం తీసి, తీపి కలిపి, చాప మీద పొర మీద పొర పోసి ఎండబెడతారు. బుట్టెడు పండ్లు చిన్న ముక్క అయిపోతాయి. నెలల తరబడి నిలవుంటుంది, జేబులో వేసుకుని ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఎంపీత్రీ ఈ తాండ్ర.

పండు ఏంటంటే, సీడీ. సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలత 16 బిట్లు, అంటే పదహారు సున్నా-ఒకట్లు, ఎడమకీ కుడికీ విడివిడిగా. మొత్తం సెకనుకి దాదాపు 1,411 కిలోబిట్లు. దాన్ని 128లోకి దించామంటే పదకొండు బుట్టల సరుకు ఒక్క బుట్టలోకి వచ్చినట్టు. మిగతా పది బుట్టలు ఏమయ్యాయి?

ఇక్కడే నాకు ఎంపీత్రీ అంటే గౌరవం. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజు జనంలో నిలబడ్డారనుకోండి. ఎదురుగా తప్పెటగుళ్ళు మోగుతున్నాయి. పక్కాయన జేబులో చిల్లర గలగలమంటే వినిపిస్తుందా? శబ్దం ఉంది, గాల్లో వస్తోంది, కానీ పెద్ద శబ్దం దాన్ని కప్పేసింది. చెవికున్న ఈ గుణాన్ని పట్టుకుని, ఎలాగూ వినపడని చిల్లర మీద బిట్లు ఎందుకు ఖర్చుపెట్టాలి అని జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని తేల్చారు. '.ఎంపీత్రీ' అనే తోక పేరు ఖాయమైంది 1995లో. అంచేత ఎంపీత్రీని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. తాండ్ర చెడ్డ తిండి కాదు.

కానీ బిట్లు మరీ తగ్గిస్తే చిల్లరతో పాటు తప్పెట కూడా దెబ్బతింటుంది. మావయ్యకి వీణ దగ్గరే ఎందుకు తెలిసిందో చూడండి. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు. తీగ మీటగానే ఠంగుమని ఒక్కసారిగా లేచి, తర్వాత మెల్లగా చాలాసేపు సాగుతుంది. ఎంపీత్రీ ధ్వనిని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ముక్కలో 1,152 కొలతలు, అంటే దాదాపు 26 మిల్లీసెకన్లు. బిట్లు చాలనప్పుడు వచ్చే తప్పు ఆ ముక్కలో అటూ ఇటూ పరుచుకుంటుంది. దాంతో మీటుకి ముందున్న నిశ్శబ్దంలోకి కూడా కాస్త మసక వచ్చేస్తుంది. ఠంగుమనాల్సింది 'ష్ఠంగ్' అంటుంది. తాళాలు, చప్పట్లు అయితే నీళ్ళలో మోగినట్టుంటాయి. మావయ్య చెవులు బంగారం, తేడా పాటలోనే ఉంది.

[గిన్నెలో నీళ్ళు, అందులో తాండ్ర ముక్క]

ఇప్పుడు ఈ తాండ్రని నానబెట్టి పిసికాను. గిన్నె నిండింది. బరువు పెరిగింది. ఇది మామిడిపండా? 128ని ఫ్లాక్ చేయడం ఇదే. పోయిన వాసన, టెంక, తొక్క తిరిగి రావు. ఇంకొందరు 128ని 320 ఎంపీత్రీ చేస్తుంటారు. అది ఇంకా ఘోరం. నానబెట్టిన తాండ్రని మళ్ళీ ఎండబెట్టడం అది. రెండోసారి ఎండబెడితే రెండోసారీ పోతుంది.

మరి అసలైన ఫ్లాక్? అది ఎండబెట్టడం కాదు, గంపలో గడ్డి వేసి పండ్లు ఒద్దికగా సర్దడం. విప్పితే పెట్టిన పండు పెట్టినట్టే, ఒక్క బిట్ తేడా లేకుండా వస్తుంది. సైజు సాధారణంగా సీడీలో సగం, సగం కంటే కాస్త ఎక్కువ. 2001 నుంచీ ఉంది, ఉచితం. అసలు కుదించని వేవ్ ఫైల్ అంటే అవే పండ్లు నేలంతా పరిచినట్టు. రుచిలో తేడా లేదు, చోటు మాత్రం దండగ.

ఫ్లాక్ లేకపోతే పాటే వినకూడదు అనేవాళ్ళకి ఒక మాట. మావయ్య దగ్గరున్న వీణ సీడీ నుంచి మూడు ఫైళ్ళు చేశాను: 128, 320, ఫ్లాక్. వాల్యూమ్ మూడింటికీ సమానం చేశాను, ఎందుకంటే కొంచెం గట్టిగా వినిపించిందే మంచిదని చెవి అనేసుకుంటుంది. ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. 128ని మావయ్య పదిలో తొమ్మిదిసార్లు పట్టేశారు. 320కీ ఫ్లాక్‌కీ మధ్య పదిలో ఐదుసార్లే సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. నేను విన్నా ఆరే. సీడీ నుంచి నేరుగా తీసిన 320 అంటే తాండ్ర కాదండీ, అప్పుడే పిండిన చిక్కటి రసం.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఏఏసీ, ఓపస్ కూడా ఎంపీత్రీ లాంటి కుదించే ఫైల్ రకాలే. ఏఏసీ: ఎంపీత్రీ తర్వాత వచ్చింది, తక్కువ బిట్లలో దానికంటే బాగుంటుంది. 256 అయితే కళ్ళు మూసుకుని వాడుకోండి. ఓపస్ ఇంకా బాగుంటుంది, కానీ పాత ప్లేయర్లు, కార్ స్టీరియోలు చాలావరకు దాన్ని ముట్టుకోవు. 192 కిలోహెర్ట్జ్ (అంటే సెకనుకి 1,92,000 కొలతలు) అని రాసి ఉంటే ఎగబడి డబ్బు పెట్టకండి. కొలతల సంఖ్యలో సగం దాకా ఉన్న సన్నటి శబ్దాలు పట్టుబడతాయి, అంటే సీడీలోనే 22 కిలోహెర్ట్జ్ దాకా ఉంది, మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, వయసొచ్చేకొద్దీ ఇంకా కిందే. బ్లూటూత్‌లో వింటుంటే మీ ఫ్లాక్ చాలావరకు దారిలోనే మళ్ళీ కుదించబడుతుంది. ఆ డబ్బుతో మంచి వైరు ఇయర్‌ఫోన్లు కొనుక్కోండి. 32 జీబీ చిప్‌లో ఐదు నిమిషాల పాటలు 320లో దాదాపు 2,600 పడతాయి, ఫ్లాక్‌లో ఓ వెయ్యి.

దొంగ ఫ్లాక్‌ని పట్టుకోవాలంటే కంప్యూటర్‌లో 'స్పెక్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాట వేస్తే రంగుల బొమ్మ వస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు కోసేసి, పైనంతా నల్లగా ఉంటే అది చాలావరకు 128 నుంచి వచ్చిందే. జాగ్రత్త, ఘంటసాల గారి కాలం పాటల్లో పైన సహజంగానే ఏమీ ఉండకపోవచ్చు. అక్కడ గోడలా కాకుండా మెల్లగా మసకబారుతుంది. వాటిని దొంగవి అనకండి.

[చివరి షాట్: మావయ్య అరుగు మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లు]

మావయ్య చిప్‌లో ఆ ఫోల్డర్ మొత్తం తీసేశాం. బీరువాలో ఉన్న సీడీలన్నీ కంప్యూటర్‌లో ఫ్లాక్‌గా దాచి, ప్లేయర్‌లోకి 320 ఎక్కించాం. వీణ మొదలవగానే ఆయన మాట్లాడటం ఆపేశారు. పాట అయ్యాక ఇయర్‌ఫోన్లు తీసి, "ఆ షాపు కుర్రాడికి కూడా చెప్పిరా ఓసారి" అన్నారు. రేపు వెళ్తున్నాను, తాండ్ర పట్టుకుని.