నలుపు కూడా సిగ్నలే: ‘ది సోప్రానోస్’ ఆఖరి ఎపిసోడ్ మీద మావయ్యతో

మేనకోడలు: అందరికీ నమస్కారం. ఈసారి విజయనగరం నుంచే మాట్లాడుతున్నా. మూడు లాంతర్లకి దగ్గర్లో మా మావయ్య వాళ్ల మేడ మీద గది ఇది. ఒకప్పుడు ఆయన కేబుల్ కంట్రోల్ రూమ్. మధ్యలో ఆటో హారన్లు వినపడితే ఏమనుకోకండి. ఇంకో మాట, ‘ది సోప్రానోస్’ ఆఖరిదాకా చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి. తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు.

మావయ్య: 2007లో అయిపోయినదానికి ఇప్పుడు దాపరికం ఏటమ్మా?

మేనకోడలు: నువ్వు చూసింది మొన్ననే కదా మావయ్యా.

మావయ్య: నువ్వు పట్టుబట్టి చూపించావు కాబట్టి చూశాను. ఆ బూతులకి మీ అత్త నన్ను మేడ మీదకి తరిమేసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను, నా ఇంట్లో నేను.

మేనకోడలు: తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1999 జనవరిలో అమెరికాలో హెచ్‌బీఓలో మొదలైంది, 2007 జూన్ 10న ముగిసింది. ఆరు సీజన్లు, 86 ఎపిసోడ్లు. న్యూజెర్సీలో టోనీ సోప్రానో అనే మాఫియా పెద్ద కథ. బయట వసూళ్లు, హత్యలు. ఇంటికొస్తే భార్య కార్మెలా, కూతురు మెడో, కొడుకు ఏజే. ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతుంటే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తాడు, కథ అక్కడ మొదలవుతుంది. టోనీగా చేసింది జేమ్స్ గాండోల్ఫినీ. దీన్ని సృష్టించింది డేవిడ్ చేజ్. ఆఖరి ఎపిసోడ్ రాసిందీ, డైరెక్ట్ చేసిందీ ఆయనే.

మావయ్య: ఆ గాండోల్ఫినీ లేడు కదా ఇప్పుడు.

మేనకోడలు: 2013లో రోమ్‌లో గుండెపోటుతో పోయాడు. సరే, ఆ సీను చెప్పు. చూసినవాడివి చూసినట్టు చెప్పు.

మావయ్య: చెప్పడానికి ఏముంది, తిండి సీను. న్యూజెర్సీలోనే హోల్‌స్టెన్స్ అని ఓ హోటలు, ఐస్‌క్రీములూ అవీ అమ్ముతారు. టోనీ వచ్చి కూర్చుంటాడు. టేబుల్ మీదున్న పాటల పెట్టెలో పేజీలు తిప్పి తిప్పి ఓ పాట పెడతాడు. పెళ్లాం వస్తుంది, తర్వాత కొడుకు. ఉల్లిపాయ రింగులు తెప్పించుకుంటారు. ఒక్కొక్కటి కొరక్కుండా నోట్లో పెట్టేసుకుంటున్నారు, గమనించావా? గుళ్లో ప్రసాదం వేసుకున్నట్టు. బయట ఆ పిల్ల, మెడో, కారు పార్క్ చెయ్యలేక ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉంటుంది. నాకైతే దిగివెళ్లి స్టీరింగ్ పట్టుకోవాలనిపించింది. ఈలోపు ఒకడు కౌంటర్ దగ్గర కూర్చుని టోనీ వైపు చూసి, లేచి బాత్రూమ్‌లోకి పోతాడు. ఆ పిల్ల ఎలాగో కారు పెట్టి పరిగెత్తుకొస్తుంది. తలుపు గంట మోగుతుంది. టోనీ తలెత్తుతాడు. అంతే, నల్లగా అయిపోతుంది. పాట మధ్యలో తెగిపోయింది.

మేనకోడలు: జర్నీ అనే బ్యాండ్ వాళ్ల 1981 నాటి పాట. ‘ఆగొద్దు’ అనే చోటే ఆగింది. ఆ నలుపు పది సెకన్లు ఉంటుంది, తర్వాత సంగీతం లేకుండా పేర్లు వస్తాయి. ఆ రాత్రి అమెరికాలో బోలెడంతమంది కేబుల్ పోయిందనుకున్నారు. అందుకే నిన్ను పిలిచాను. నువ్వు ఈ గదిలోంచి ఎన్నో ఏళ్లు కేబుల్ నడిపావు కదా.

మావయ్య: ‘చక్రవాకం’ వచ్చే టైముకి లైన్ పోయిందంటే ఈ ఫోను పగిలిపోయేది. ఎక్కడో అయ్యకోనేరు గట్టు మీద ఆంప్లిఫయర్‌లో నీళ్లు దిగితే, వాళ్లకి నేనే ఏదో కుట్ర చేసినట్టు ఉండేది. అది సరే గానీ, నేను చెప్పాలనుకున్నది వేరు. ఆ రోజుల్లో మన లైన్ తెగితే టీవీలో ఏం వచ్చేదో గుర్తుందా నీకు?

మేనకోడలు: చుక్కలు.

మావయ్య: చుక్కలు, ష్‌ష్ మని చప్పుడు. కొత్త టీవీ అయితే నీలం తెర. నల్లగా, నిశ్శబ్దంగా ఎప్పుడొస్తుంది? సిగ్నల్ పక్కాగా వస్తూ, అవతలివాడు నలుపే పంపిస్తున్నప్పుడు. ఎవరైనా ఫోన్ చేసి ‘బొమ్మ నల్లగా ఉంది, మాట లేదు’ అంటే నేను స్తంభం ఎక్కేవాణ్ని కాదు. నా లైన్ బాగానే ఉంది, చానల్‌వాడే అది పంపుతున్నాడు అని చెప్పేవాణ్ని. మరి ఆ డిజిటల్ బాక్సుల వాళ్లకి ఆ తేడా తెలియకపోవచ్చు. నా లెక్క మాత్రం అదే. ఆ పది సెకన్లు కథ లేకపోవడం కాదు. అది కూడా ఆయన తీసిన షాటే. నలుపు కూడా సిగ్నలే అమ్మడూ.

మేనకోడలు: అబ్బ, మావయ్యా! నేను ఎంత చదివానో దీని గురించి, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నా వాదన వినవూ? నువ్వన్నట్టు అది షాట్ అయితే, ఎవరి షాట్ అది? ఆ సీను మొదటినుంచీ మనకి ఓ అలవాటు చేస్తుంది. గంట మోగుతుంది, టోనీ మొహం కనిపిస్తుంది, తర్వాత టోనీ ఏం చూశాడో అది కనిపిస్తుంది. ఎవరో ఒకావిడ లోపలికొస్తే అంతే. కార్మెలా వచ్చినప్పుడూ అంతే. ఆఖరిసారి గంట మోగింది, టోనీ మొహం చూపించారు. తర్వాత ఏం చూపించాలి? టోనీ కంటికి కనిపించింది. కనిపించింది నలుపు. అంటే చనిపోయాడు.

మావయ్య: వెనకనుంచో పక్కనుంచో కాల్చేశాడంటావు, ఆ బాత్రూమ్‌వాడు.

మేనకోడలు: వాడేసుకున్నది ‘మెంబర్స్ ఓన్లీ’ అనే బ్రాండ్ జాకెట్. ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్ పేరు కూడా అదే. ఆ ఎపిసోడ్‌లోనే టోనీని వాళ్ల పెదనాన్న జూనియర్ కాల్చేస్తాడు. బాత్రూమ్‌కి వెళ్లి తుపాకీతో రావడం ‘ది గాడ్ ఫాదర్’లో మైఖేల్ చేసిన పని. టోనీకి ఆ సినిమా ప్రాణం. ఇంకా, ఈ సీజన్లోనే పడవలో కూర్చుని టోనీ బావ బాబీ అంటాడు కదా, అది జరిగినప్పుడు మనకి వినిపించను కూడా వినిపించదేమో అని. ఆఖరి ఎపిసోడ్‌కి ముందుదానిలో బాబీని చంపేశాక, వాడు పుట్టినరోజుకిచ్చిన రైఫిల్ పక్కన పెట్టుకుని పడుకుని టోనీ ఆ మాటే గుర్తుచేసుకుంటాడు. ఇంతకంటే ఏం చెప్పాలి?

మావయ్య: లాయర్‌లా చెప్పావు. నీ కేసులో ఓ చిల్లుంది కానీ. టోనీ లోపలికి అడుగుపెట్టినప్పుడు మొట్టమొదటి షాట్ గుర్తు తెచ్చుకో. టోనీ మొహం, గుమ్మంలో నిలబడి హోటలంతా చూస్తున్నాడు. తర్వాత టోనీ చూసింది చూపిస్తారు. ఏం చూశాడు?

మేనకోడలు: టేబుల్ దగ్గర తననే. అప్పటికే కూర్చుని ఉన్నాడు.

మావయ్య: ఆఁ! గుమ్మంలో ఉన్నవాడు కుర్చీలో ఉన్న తనని చూసుకున్నాడు. నేను ఆపి, వెనక్కి జరిపి మళ్లీ చూశాను. కాబట్టి ఆ సీన్లో ‘టోనీ చూసింది’ అనేది మొదటి అడుగులోనే తిన్నగా లేదు. నువ్వేమో దాన్ని పట్టుకుని చావు సర్టిఫికెట్ రాసేస్తున్నావు.

మేనకోడలు: అదీ నాకు పనికొచ్చేదే. బయటినుంచి తనని తాను చూసుకోవడం అంటే...

మావయ్య: నీకు అన్నీ పనికొస్తాయి. అదే వచ్చింది ఈ ఎపిసోడ్‌తో. ఆ పిల్లి కూడా పనికొచ్చి ఉంటుంది ఎవరికో.

మేనకోడలు: చనిపోయిన క్రిస్టఫర్ ఫొటో వైపే చూస్తూ కూర్చునే పిల్లి! టోనీ ముఠాలోని పాలీకి దాన్ని చూస్తే ఒళ్లు మంట. అవును, దాని మీద కూడా సిద్ధాంతాలు ఉన్నాయి. వదిలేద్దాం. చేజ్ ఏమన్నాడో చెప్పనా? ఎపిసోడ్ వచ్చిన వెంటనే ఫ్రాన్స్‌లో ఉండి, వివరణ ఇచ్చే ఉద్దేశం లేదు, ఉన్నదేదో తెరమీదే ఉంది అనేశాడు. 2014లో ఒకావిడ అడిగితే చనిపోలేదు అన్నాడని రాశారు. వెంటనే ఆయన తరఫువాళ్లు అలా కాదు, బతికాడా చచ్చాడా అన్నది అసలు విషయమే కాదు అని ప్రకటన ఇచ్చారు. 2021లో మాత్రం కొంచెం బయటపడ్డాడు. మొదట్లో వేరే ముగింపు అనుకున్నాడట. టోనీ లింకన్ టన్నెల్ దాటి న్యూయార్క్‌లో మీటింగ్‌కి వెళ్లడం, అక్కడ చావడం. తర్వాత ఎక్కడో ఓ చిన్న తిండి హోటలు కంటపడి, టోనీకి ఇలాంటి చోటే జరగాలి అనిపించిందట.

మావయ్య: పద్నాలుగేళ్లకి చెప్తే సాక్ష్యమా? తెరమీద ఉన్నదే ఉంది అని ముందు ఆయనే అన్నాడు కదా. గిరీశం సంగతే చూడు. ఈ ఊరివాళ్లం, ఆ మాట అనకుండా ఎలా? సౌజన్యారావు పంతులు ఛీకొట్టాడు, బుచ్చమ్మని పూనాలో వితంతువుల హోముకి పంపించేశారు, గిరీశం డామిట్ అన్నాడు, తెర పడింది. తర్వాత గిరీశం ఏమయ్యాడు? ఇంకో ఊళ్లో ఇంకో వెంకటేశాన్ని పట్టుకున్నాడా? గురజాడ వారి ఇల్లు ఇక్కడే ఉంది, వెళ్లి అడుగుదామా?

మేనకోడలు: కానీ అక్కడ నవ్వొచ్చి ముగుస్తుంది. ఇక్కడ ఊపిరి బిగబట్టి ఉండగా ముగిసింది. రెండూ ఒకటెలా అవుతాయి?

మావయ్య: ఒకటని అనలేదు. ముడులన్నీ విప్పేశాక ఒక్కణ్ని వదిలేయడం, అది ఒకటి. ఇక్కడా చూడు. టోనీ శత్రువు, న్యూయార్క్ ముఠా పెద్ద ఫిల్ పని పెట్రోల్ బంకులో అయిపోయింది. టోనీ కుడిభుజం సిల్వియో కోమాలో. ఆ పెదనాన్న జూనియర్‌కి మతి పోయింది, నువ్వూ మా నాన్నా కలిసి న్యూజెర్సీని ఏలారు అని టోనీ అంటే ‘అలాగా’ అన్నాడు పాపం. ఆ సీన్ మాత్రం నాకు ఆఖరి సీన్ కంటే ఎక్కువ పట్టుకుంది. ఇంతమందిని చంపి సంపాదించుకున్నది గుర్తు కూడా లేదు వాడికి. కథ అక్కడే అయిపోయింది. హోటల్ సీను మనకోసం పెట్టింది. మనం టెన్షన్ పడతామా లేదా అని.

మేనకోడలు: పడ్డాంగా. ఆ టెన్షన్ టోనీది కాదు, మనదే. కార్మెలా మెనూ చూస్తోంది, ఏజే ఉద్యోగం గురించి సణుగుతున్నాడు. అక్కడ ఎవరికీ భయం లేదు. ఏజే ఆ మాట అంటాడు చూడు, మంచిగా గడిచిన రోజులే గుర్తుపెట్టుకోమని నువ్వే అన్నావు కదా అని. టోనీకి తను అన్న సంగతే గుర్తులేదు. అది మొదటి సీజన్ ఆఖర్లో, గాలివానలో వాళ్ల స్నేహితుడి హోటల్లో భోంచేస్తూ అన్నది. ఆ ఎపిసోడ్ ముగిసిందీ నలుగురూ ఒక టేబుల్ దగ్గరే.

మావయ్య: ఈసారి ముగ్గురే. నాలుగో మనిషి కారు పెట్టుకుంటోంది.

మేనకోడలు: అమ్మ ఏమందో చెప్పనా? మీ చెల్లెలు మొత్తం సీరియల్లో చూసింది ఆ ఒక్క సీనే. నేను చూస్తుంటే బఠాణీలు ఒలుచుకుంటూ పక్కన కూర్చుంది. నల్లగా అయిపోగానే, టోనీ గురించి అడగలేదు. ‘ఆ పిల్ల లోపలికొచ్చేసిందా?’ అంది.

మావయ్య: దానికి అదే పట్టింది!

మేనకోడలు: నేను అప్పటిదాకా మెడో సంగతి ఆలోచించనే లేదు. చాలామందిది పార్కింగ్ లెక్కే. ఆ కారు మొదటిసారే పడుంటే మెడో వచ్చి తండ్రి పక్కన కూర్చునేది, బాత్రూమ్‌వాడికి అడ్డం అయ్యేది అని. అమ్మ అడిగింది వేరు. గంట మోగిందంటే తలుపు తీసింది మెడోనే అనుకుందాం. నా వాదనే నిజమైతే, టోనీ చూడనిదీ మనం చూడనిదీ ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తుంది. మనకి నలుపు పంపించారు. ఆమెకి అది కూడా లేదు.

మావయ్య: తుడిచి పెట్టేసినట్టు మాట్లాడుతున్నావు. ఉండు. ఇదే ఎపిసోడ్లో ఆ పిల్ల తండ్రితో అంటుంది కదా, డాక్టరు చదవకుండా లా ఎందుకు పట్టుకుందో.

మేనకోడలు: ఎఫ్‌బీఐ వాళ్లు నిన్ను అన్నిసార్లు లాక్కెళ్లడం చూశాను కాబట్టి, లేకపోతే ఏ డాక్టర్నో అయ్యేదాన్ని అని. టోనీ మొహం చూడాలి అప్పుడు. ఏం అనాలో తెలియదు వాడికి.

మావయ్య: ఆ లెక్కన ఆ పిల్ల చిన్నప్పటినుంచీ గుమ్మంలో నిలబడి తండ్రికి జరిగేది చూస్తూనే ఉంది. ఆ రాత్రి వాడు చచ్చినా, కుర్చీ జరిపి ‘రామ్మా, నీకేం కావాలి’ అన్నా, ఆమె బతుకు మాత్రం వాడు తయారు చేసిందే. నిన్నటిదాకా నేను బతికే ఉన్నాడనే పక్షం. ఇప్పుడు ఆ ప్రశ్న మీద నాకు పెద్ద ఆసక్తి లేదు.

మేనకోడలు: నాకుంది. చచ్చాడు. నేను మారను.

మావయ్య: సరేనమ్మా, చచ్చాడు. ఆ హోటల్ టేబులు, సీట్లు ఇంకా అక్కడే ఉన్నాయా?

మేనకోడలు: 2024లో వేలం వేశారు. 82,600 డాలర్లకి పోయింది.

మావయ్య: రూపాయల్లో?

మేనకోడలు: అటూ ఇటూగా డెబ్బై లక్షలు.

మావయ్య: నాలుగు సీట్లూ, ఓ బల్లకా! నేను ఈ కంట్రోల్ రూమ్ సామానంతా పాత ఇనపసామాన్లవాడికి తూకానికి ఇచ్చేశాను.