లివర్ మార్చాక కడుపు పండాలంటే: ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు?

[తెర మీద: రాత్రివేళ అనంతపురం బస్టాండు. రిపోర్టుల సంచితో ఒక జంట బెంగళూరు బస్సెక్కుతున్నారు.]

నమస్కారం. లివర్ మార్పిడి అంటే మన అనంతపురం వాళ్లకు ముందు గుర్తొచ్చేది బెంగళూరు బస్సే. ఆపరేషన్ అయ్యి, మనిషి కోలుకుని, మొహంలో కళ వచ్చిందంటే చాలు, ఇంట్లో మొదలు: "ఏమ్మా, విశేషం ఏమన్నా ఉందా?"

ఉండొచ్చు. కొత్త లివర్‌తో తల్లయిన కేసు గురించి 1978లోనే వైద్య పత్రికలో వచ్చింది. తొందరపాటే పనికిరాదు. కనీసం ఏడాది ఆగాలి, లివర్ పరీక్షలు నిలకడగా ఉండాలి.

అంతవరకూ జాగ్రత్త తప్పదు. జబ్బుతో ఆగిపోయిన నెలసరి కొన్ని నెలల్లోనే మళ్లీ మొదలవుతుంది. అసలు ముట్టు రాకముందే అండం విడుదలవుతుంది కాబట్టి, "ఇంకా రాలేదు కదా" అనే ధీమా వద్దు. కాపర్-టీనా, మరొకటా అన్నది డిశ్చార్జి రోజే అడగండి. సిగ్గుపడితే కుదరదు.

[తెర మీద: రెండు మాత్రల షీట్లు పక్కపక్కన.]

ఇప్పుడు అసలు సంగతి. కొత్త లివర్‌ను ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే మందుల్లో మైకోఫెనొలేట్ ఒకటి. మీ చీటీలో అది ఉందా? దాంతో గర్భం పోవచ్చు, బిడ్డకు చెవులు, పెదవి సరిగా ఏర్పడకపోవచ్చు. కడుపుకు ప్రయత్నించే ముందు కనీసం 6 వారాలు అది ఆగి ఉండాలి. అలాగని మీరే ఆపేయకూడదు. డాక్టర్లు ఎక్కువగా దాని బదులు అజాథియోప్రిన్ ఇచ్చి, లివర్ తట్టుకుంటోందా అని చూస్తారు. అందుకే నెల తప్పాక కాదు, తప్పకముందే చెప్పాలి.

అదే పనికి ఇచ్చే ఇంకో మందు టాక్రోలిమస్ సంగతి వేరు. "ఇంత పవర్ మాత్రలు బిడ్డకు మంచివి కావు, ఆపేయమ్మా" అంటారు అత్తగారు. ప్రేమతోనే అంటారు. కానీ అది ఆపితే ఒళ్లు కొత్త లివర్‌ను పరాయిదనుకుని దాడి చేస్తుంది. తల్లి లివర్ చెడితే బిడ్డకూ ముప్పే. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో ఈ మందు మోతాదు మారుతుంటుంది కాబట్టి లెవెల్ పరీక్ష తరచుగా చేయిస్తారు. ఆ రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లండి. దాన్ని సంచిలో పెట్టుకుని, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి.

వేవిళ్లలో మాత్ర వాంతిలో పోయిందా? ఫోన్ చేసి అడగండి, అంచనాతో ఇంకోటి మింగొద్దు. కామెర్లకు పసరు తాగించే అలవాటు మనవైపు ఉంది కదా, దాని జోలికి అస్సలు పోవద్దు. పంపర పనస కూడా వద్దు, అది మందు లెవెల్‌ను పెంచేస్తుంది.

బీపీ, షుగర్ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. నెలలు నిండకముందే కాన్పు కూడా కావొచ్చు. లివర్ మార్చారని సిజేరియనే చేయాలని లేదు.

పుట్టింటికి పంపేటప్పుడు చీరా సారెతో పాటు నెలకు సరిపడా మాత్రలు, ఫైలు, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ (మార్పిడి చేసిన ఆస్పత్రిలో మన కేసు చూసుకునే మనిషి) నంబరు సంచిలో ఉండాలి. ఆ నంబరు వాళ్ల అమ్మ ఫోన్లోనూ ఎక్కించండి.